విమ్ ఆగకుండా వెనకాల జీలేటెక్: ఒక తెలుగు పుస్తకం కూర్పు మీద కేస్ స్టడీ

పుస్తకం 400 పేజీలకు పైబడినది. సాహిత్య వ్యాసాలు, మధ్యమధ్య పద్యాలు, పుట అడుగున వివరణలు, చివర పదసూచిక. అధ్యాయానికొక ఫైలు; ప్రధాన ఫైలు వాటన్నిటినీ \ఇన్‌క్లూడ్‌తో పిలుచుకుంటుంది. కూర్పు జీలేటెక్‌లో (ఆదేశాలు కలిపి రాసిన పాఠాన్ని పీడీఎఫ్ పేజీలుగా కూర్చే, టెక్ కుటుంబానికి చెందిన ప్రోగ్రామ్), దిద్దుబాటు లినక్స్ మీద విమ్ అనే టెక్స్ట్ ఎడిటర్‌లో. ప్రూఫు దిద్దేవారు ఫైలు సేవ్ చేయగానే పక్క విండోలో పీడీఎఫ్ తాజా కావాలి, తప్పులుంటే జాబితాగా రావాలి, ఈలోగా టైపింగ్ ఎక్కడా ఆగకూడదు. అడిగింది ఇంతే.

ప్రోగ్రామ్‌ను వెనక్కి పంపడం నిజంగానే ఒక్క లైను పని. అది ఎప్పుడు ముగిసింది, ఎలా ముగిసింది, అది చూపిన తప్పులు ఇప్పుడు తెరమీద ఉన్న పాఠానివేనా అన్న మూడు ప్రశ్నల దగ్గరే శ్రమంతా ఉంది. ఈ కేసులో ఎదురైన చిక్కులు దాదాపు అన్నీ ఈ మూడింట్లో ఏదో ఒకదాని కిందికి వస్తాయి.

పాత పద్ధతులు ఎందుకు చాలలేదు

విమ్‌లో :! పెట్టి ఆదేశం ఇస్తే పని షెల్‌కు వెళ్తుంది, అది తిరిగొచ్చేదాకా ఎడిటర్ కాచుకుని కూర్చుంటుంది. :మేక్ కూడా అంతే. కాకపోతే అవుట్‌పుట్‌ను ఎర్రర్‌ఫార్మాట్‌తో (తప్పు సందేశం ఎలా ఉంటుందో చెప్పే నమూనా) పోల్చి క్విక్‌ఫిక్స్ జాబితా (ఎంటర్ నొక్కితే తప్పున్న చోటికి తీసుకెళ్ళేది) తయారుచేసి ఇస్తుంది. చిన్న ఫైలుకు ఇది చక్కగా సరిపోతుంది. 400 పేజీల పుస్తకానికి సేవ్ చేసిన ప్రతిసారీ తెర బిగుసుకుపోతే దిద్దేవారు సేవ్ చేయడమే తగ్గించేస్తారు, అది ఇంకా ప్రమాదం.

ఆదేశం చివర & తగిలిస్తే షెల్ వెంటనే తిరిగొస్తుంది. కానీ టెర్మినల్‌లో నడిచే విమ్‌కూ ఆ ప్రోగ్రామ్‌కూ తెర ఒక్కటే కాబట్టి జీలేటెక్ మాటలన్నీ దిద్దుతున్న అక్షరాల మీదే వచ్చి పడతాయి. ఫైలుకు ఏమీ కాదు, కంట్రోల్-ఎల్ నొక్కితే తెర శుభ్రపడుతుంది. అవుట్‌పుట్‌ను వేరే ఫైలుకు మళ్ళిస్తే ఆ గొడవా పోతుంది. అయినా కంపైల్ ముగిసిందన్న కబురు విమ్‌కు చేరే దారి లేదు, ఎగ్జిట్ కోడ్ (పని సరిగ్గా ముగిసిందో లేదో చెప్పే అంకె) చేతికి రాదు, మధ్యలో ఆపాలంటే వేరే టెర్మినల్ తెరిచి ప్రాసెస్ నంబరు వెతుక్కోవాలి.

2006లో విమ్ 7.0 వచ్చాక పదేళ్ళకు, 2016 సెప్టెంబరులో వచ్చిన 8.0తో జాబ్‌లు (వెనకాల నడిచే ప్రోగ్రామ్‌లు), ఛానెల్‌లు (వాటితో మాటలు నడిచే దారులు), టైమర్లు విమ్‌లోకి వచ్చాయి. విమ్ నుంచి చీలి 2014లో మొదలైన నియోవిమ్ అప్పటికే ఆ దారి పట్టింది. ఇక్కడ వాడింది విమ్‌లోని జాబ్_స్టార్ట్.

జాబ్‌ను మొదలుపెట్టేటప్పుడు

జాబ్_స్టార్ట్‌కు ఆదేశాన్ని ఒకే స్ట్రింగ్‌గా ఇవ్వొచ్చు, లిస్టుగానూ ఇవ్వొచ్చు. ఎలా ఇచ్చినా మధ్యలో షెల్ ఉండదు. కాబట్టి పైపులు, దారి మళ్ళింపులు, *, ~ వంటివేవీ పనిచేయవు. అవి కావాలంటే ఎస్‌హెచ్, -సి, ఆదేశం అని మూడు ముక్కల లిస్టుగా ఇవ్వాలి. షెల్ లేకపోవడం ఇక్కడ మేలే చేసింది. దిద్దుతున్న అధ్యాయాన్ని మాత్రమే కంపైల్ చేయడానికి \ఇన్‌క్లూడ్‌ఓన్లీ, \ఇన్‌పుట్ రెండూ ఉన్న మాటను ఆదేశంలోనే పంపాలి. అందులో బ్యాక్‌స్లాష్‌లు, మీసాల బ్రాకెట్లు ఉన్నాయి. లిస్టులో ఒక అంశంగా పెడితే కోట్‌ల బాధ లేకుండా ఉన్నదున్నట్టు జీలేటెక్‌కు చేరుతుంది. అప్పుడు -జాబ్‌నేమ్ విడిగా చెప్పడం మంచిది. మిగతా అధ్యాయాల పుట సంఖ్యలు పాత ఆక్స్ ఫైళ్ళ (తర్వాతి కంపైల్ కోసం టెక్ లెక్కలు దాచుకునేవి) నుంచి వస్తాయి కనుక ఒక్క అధ్యాయమే కూర్చినా అంకెలు మారిపోవు.

జీలేటెక్‌కు ఇచ్చిన ఐచ్ఛికాలు: -ఇంటరాక్షన్=నాన్‌స్టాప్‌మోడ్, -ఫైల్-లైన్-ఎర్రర్, -అవుట్‌పుట్-డైరెక్టరీ=బిల్డ్. మొదటిది లేకపోతే టెక్ తప్పు దొరికిన చోట ఆగి ప్రశ్నార్థకం పెట్టి జవాబు కోసం చూస్తుంది. కళ్ళముందు నడుస్తుంటే మనం ఎంటర్ కొడతాం. వెనకాల ఉన్నప్పుడు ఎవరూ కొట్టరు, జాబ్ అలాగే వేలాడుతుంది. దీనికి తోడు, జాబ్‌కు ఇన్‌పుట్ ఎక్కడి నుంచో చెప్పే ఇన్_ఐఓ విలువ నల్ (ఏమీ లేదు) అని ఇవ్వడం తప్పనిసరి అనే నా అభిప్రాయం. ఏ ప్రోగ్రామ్ ఎప్పుడు ప్రశ్న అడుగుతుందో ముందే తెలియదు, నల్ ఉంటే అడిగినా వెంటనే ఫైలు ముగింపు దొరికి బయటపడుతుంది.

మూడో ఐచ్ఛికంతో ఒక మెలిక. ప్రధాన ఫైలు అధ్యాయాలను ఉపఫోల్డరు నుంచి పిలుస్తుంటే అదే పేరుతో బిల్డ్ లోపల కూడా ఉపఫోల్డరు ముందే ఉండాలి. టెక్ దాన్ని తయారుచేయదు, ఆక్స్ ఫైలు రాయలేకపోతున్నానని ఆగిపోతుంది.

పరిసర చరరాశుల్లో (ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్) మ్యాక్స్_ప్రింట్_లైన్ ముఖ్యం. దాని మామూలు విలువ 79. అంతకన్నా పొడుగైన సందేశాన్ని టెక్ నిర్దాక్షిణ్యంగా రెండు లైన్లు చేస్తుంది. ఫైలు పేరు, వరుస సంఖ్య ఒక లైనులో, సందేశం సగం రెండో లైనులో పడితే ఎర్రర్‌ఫార్మాట్‌కు ఏదీ అతకదు. జాబ్‌కు ఇచ్చే ఎన్వ్ ఐచ్ఛికంలో దాన్ని 2000 చేస్తే ఒక తప్పు ఒకే లైనులో వస్తుంది.

డెస్క్‌టాప్ మెనూ నుంచి జీవిమ్ (సొంత విండోలో నడిచే విమ్) తెరిస్తే షెల్ సెట్టింగుల్లో రాసుకున్న పాత్ (ప్రోగ్రామ్‌లను వెతకాల్సిన ఫోల్డర్ల జాబితా) దానికి అందదు. అప్పుడు జీలేటెక్ దొరకదు. యూనిక్స్ వ్యవస్థల్లో ఆదేశం దొరకకపోయినా జాబ్_స్టేటస్ ఫెయిల్ అని చెప్పదు, డెడ్ అనే అంటుంది. ఫోర్క్ (కొత్త ప్రాసెస్ పుట్టడం) అయ్యాకే ప్రోగ్రామ్ లేదని తెలుస్తుంది కనుక. ఎగ్జిట్ విలువ 122 వచ్చి అవుట్‌పుట్ ఖాళీగా ఉంటే మొదట అనుమానించాల్సింది పాత్‌నే. ముందుగా ఎగ్జిక్యూటబుల్ ఫంక్షన్‌తో చూసి, లేకపోతే ఆ మాట స్టేటస్‌లైనులో చెప్పించడం మేలు.

ఇంకొకటి, చాలామంది గమనించనిది. జాబ్_స్టార్ట్ తిరిగి ఇచ్చిన జాబ్‌ను ఎక్కడో ఒకచోట దాచుకోవాలి. ఫంక్షన్ లోపలి స్థానిక చరరాశిలో ఉంచితే ఫంక్షన్ ముగియగానే దానికి ఆధారం పోతుంది, విమ్ దాన్ని ఏరిపారేయవచ్చు, పైపులు మూసుకుపోతాయి, జాబ్ కారణం తెలియకుండా మధ్యలో చచ్చిపోతుంది. ఈ తప్పు ఒక్కోసారి బయటపడుతుంది, ఒక్కోసారి పడదు, అందుకే పట్టుకోవడం కష్టం. ఎస్: తో మొదలయ్యే స్క్రిప్ట్ చరరాశిలో పెడితే తీరిపోతుంది.

ముగింపును పట్టుకోవడం

జాబ్ ముగిసినప్పుడు పిలవడానికి రెండు కాల్‌బ్యాక్‌లు (సమయం వచ్చినప్పుడు విమ్ తానే పిలిచే ఫంక్షన్లు) ఉన్నాయి: ఎగ్జిట్_సీబీ, క్లోజ్_సీబీ. మొదటిది ప్రాసెస్ చనిపోయినప్పుడు, రెండోది దాని అవుట్‌పుట్‌ను విమ్‌కు చేర్చే పైపు మూసుకున్నప్పుడు. ఈ రెండూ ఒకటి కాదు. ప్రాసెస్ చనిపోయినా పైపులో ఇంకా చదవని లైన్లు మిగిలి ఉండొచ్చు. ఎగ్జిట్_సీబీలోనే తప్పుల జాబితా ముగించేస్తే చివరి కొన్ని లైన్లు పోతాయి. క్లోజ్_సీబీ వచ్చేసరికి లైన్లన్నీ అందినట్టే, కానీ ఎగ్జిట్ విలువ అప్పటికి తెలియకపోవచ్చు. చనిపోయిన జాబ్‌ల కోసం విమ్ సెకనుకు పది సార్ల దాకా మాత్రమే చూస్తుంది.

అందుకని ఇక్కడ రెండు జెండాలు పెట్టాం. ఎగ్జిట్_సీబీ తన జెండా ఎత్తి ఎగ్జిట్ విలువ దాచుకుంటుంది, క్లోజ్_సీబీ తన జెండా ఎత్తుతుంది, రెండూ ముగింపు ఫంక్షన్‌ను పిలుస్తాయి. ఆ ఫంక్షన్ రెండు జెండాలూ లేచి ఉంటేనే ముందుకు వెళ్తుంది. ఏది ముందొచ్చినా ఫరవాలేదు.

ఇది పెట్టాక కూడా ఒక దశలో స్టేటస్‌లైను ఎప్పటికీ "నడుస్తోంది" అనే చూపిస్తూ ఉండిపోయింది. ప్రాసెస్ పట్టికలో జీలేటెక్ లేదు. కారణం, కంపైల్ చేసే షెల్ స్క్రిప్టు చివర పీడీఎఫ్ వ్యూయర్‌ను & తో తెరుస్తోంది. వ్యూయర్ ఆ స్క్రిప్టు స్టాండర్డ్ అవుట్‌పుట్‌ను వారసత్వంగా తీసుకుని పైపు రెండో కొసను పట్టుకు కూర్చుంది. వ్యూయర్ మూస్తేనే క్లోజ్_సీబీ. వ్యూయర్‌ను ఆ స్క్రిప్టు నుంచి తీసేసి సొంత జాబ్‌గా, అవుట్‌పుట్, ఎర్రర్ రెండూ నల్‌కు పంపి తెరిస్తే సరిపోయింది. విమ్ మూసినా వ్యూయర్ బతికుండాలంటే దాని స్టాప్‌ఆన్‌ఎగ్జిట్ ఖాళీ స్ట్రింగ్‌గా ఇవ్వాలి. లేకపోతే విమ్ పోతూపోతూ దానికీ టర్మ్ (ముగించమనే) సిగ్నల్ పంపుతుంది.

లైన్లు వచ్చినప్పుడల్లా క్విక్‌ఫిక్స్‌లో కలపడం దండగ. తెలుగులో పొడుగు సమాసాలు పంక్తి దాటిపోవడం ఎక్కువ కనుక ఓవర్‌ఫుల్ హెచ్‌బాక్స్ హెచ్చరికలే వందల్లో వస్తాయి. అవుట్_సీబీ ప్రతి లైనునూ ఒక లిస్టులో చేరుస్తుంది, ముగింపులో ఒకేసారి సెట్‌క్యూఎఫ్‌లిస్ట్‌కు లైన్స్, ఈఎఫ్‌ఎమ్ అంశాలతో ఇస్తుంది. జాబితా ఐడీని గుర్తుపెట్టుకుని దాన్నే మారుస్తుంది. ఈలోగా దిద్దేవారు విమ్‌గ్రెప్‌తో ఏదో వెతికి ఉంటే ఆ ఫలితాలు చెరిగిపోకూడదు కదా.

జీలేటెక్ ఇచ్చే ఫైలు పేర్లు ./ తో మొదలయ్యే సాపేక్ష దారులు. విమ్ వాటిని తన ప్రస్తుత ఫోల్డరు నుంచి వెతుకుతుంది, జాబ్‌కు ఇచ్చిన సీడబ్ల్యూడీ నుంచి కాదు. దిద్దేవారు వేరే ఫోల్డరులో ఉంటే జాబితాలో ఎంటర్ నొక్కగానే లేని ఫైలు ఒకటి ఖాళీగా తెరుచుకుంటుంది. లైను లిస్టులో చేర్చే ముందే ./ స్థానంలో పుస్తకం అసలు దారిని పెట్టేస్తే ఆ గందరగోళం రాదు.

క్విక్‌ఫిక్స్ కిటికీని కాల్‌బ్యాక్‌లో తెరవనే కూడదు. మనిషి వాక్యం మధ్యలో ఉండగా కర్సర్ వేరే కిటికీలోకి దూకితే తర్వాతి నాలుగు అక్షరాలు ఆదేశాలుగా మారతాయి. స్టేటస్‌లైనులో తప్పుల సంఖ్య చూపించి రీడ్రాస్టేటస్ పిలిస్తే చాలు. తెరవడానికి ఒక కీ ఇచ్చాం, వాళ్ళకు వీలైనప్పుడు తెరుస్తారు.

చంపాలా, ఆగాలా

సేవ్ చేసి, వెంటనే ఇంకో దిద్దుబాటు చేసి మళ్ళీ సేవ్ చేస్తే? నడుస్తున్న జాబ్‌ను చంపి కొత్తది మొదలుపెట్టడం మొదట తోచే దారి. జాబ్_స్టాప్ యూనిక్స్‌లో సిగ్నల్‌ను ప్రాసెస్ గుంపు మొత్తానికి పంపుతుంది కాబట్టి షెల్ కింద నడిచే జీలేటెక్‌కూ తగులుతుంది. కానీ జీలేటెక్ ఆక్స్ ఫైలు రాస్తుండగా చస్తే ఆ ఫైలు మధ్యలో తెగిపోతుంది. తర్వాతి కంపైల్ ఆ సగం లైను చదివి, "ఫైల్ ఎండెడ్ వైల్ స్కానింగ్" అని, అధ్యాయాల్లో ఎక్కడా లేని తప్పు చూపిస్తుంది. ప్రూఫు దిద్దేవారు దాన్ని అర్థం చేసుకోలేరు, వాళ్ళు అర్థం చేసుకోవాల్సిన అవసరమూ లేదు.

చంపడం మానేశాం. నడుస్తుండగా కొత్త సేవ్ వస్తే "బాకీ ఉంది" అని ఒక గుర్తు మాత్రం పెడుతుంది. ముగింపు ఫంక్షన్ ఆ గుర్తు చూసి కొత్తగా ఒక్కసారి మొదలుపెడుతుంది. ఎన్ని సేవ్‌లు పేరుకున్నా బాకీ ఒక్కటే. అన్నిటినీ సేవ్ చేసే :వాల్ కొట్టినప్పుడు ఐదారు ఫైళ్ళు వరసగా సేవ్ అవుతాయి కాబట్టి మొదలుపెట్టే ముందు టైమర్_స్టార్ట్‌తో 300 మిల్లీసెకన్లు ఆగుతుంది. ఆపడానికి చేతి ఆదేశం విడిగా ఉంది. అది వాడితే జాబ్_స్టాప్ తర్వాత తెగిన ఆక్స్ ఫైలును తీసేస్తుంది. ఇక్కడ గుర్తుంచుకోవాల్సింది, జాబ్_స్టాప్ 1 ఇస్తే సిగ్నల్ వెళ్ళిందనే అర్థం, జాబ్ ఆగిందని కాదు. ఎగ్జిట్_సీబీ వచ్చాకే ఫైళ్ళ జోలికి పోవాలి.

పీడీఎఫ్ విషయంలోనూ ఇదే జాగ్రత్త. రాస్తుండగా వ్యూయర్ చదివితే పాడైన ఫైలని చెబుతుంది లేదా తెల్ల పేజీ చూపిస్తుంది. బిల్డ్‌లో తయారైన పీడీఎఫ్‌ను ఎగ్జిట్ విలువ 0 అయితేనే అదే డిస్కు భాగంలో ఉన్న చూపుడు ఫైలు పేరుకు మారుస్తాం. పేరు మార్పు ఒక్క దెబ్బకు జరుగుతుంది. వ్యూయర్‌కు పాతదో కొత్తదో దొరుకుతుంది, సగం మాత్రం దొరకదు. నాన్‌స్టాప్‌మోడ్‌లో తప్పులున్నా పీడీఎఫ్ వస్తుంది, కానీ దాన్ని చూపించడం నాకు సమ్మతం కాదు. మాట ఎగిరిపోయిన పేజీని చూసి ప్రూఫు దిద్దితే లేని తప్పు దిద్దుతారు.

మూడో ప్రశ్న, తప్పులు ఏ పాఠానివి అన్నది. జాబితా తయారయ్యాక చేసిన మార్పులకు విమ్ వరుస సంఖ్యలను తానే సర్దుతుంది. కంపైల్ మొదలైనప్పటి నుంచి జాబితా వచ్చేదాకా చేర్చిన వరుసల లెక్క దానికి తెలియదు. సేవ్ అయిన క్షణంలో ఆ బఫర్ (విమ్‌లో తెరిచి ఉన్న ఫైలు పాఠం) మార్పులను లెక్కపెట్టే బీ:చేంజ్డ్‌టిక్ విలువ దాచి, ముగింపులో మళ్ళీ చూస్తాం. మారి ఉంటే జాబితా శీర్షికలో "వరుసలు జరిగి ఉండొచ్చు" అని పడుతుంది.

తెలుగు అక్షరాల పరీక్షకుడు

రెండో జాబ్ ఒక చిన్న పైథాన్ ప్రోగ్రామ్. కంటికి కనిపించని మూడు రకాల తప్పులు వెతుకుతుంది. ఒకటి, సున్న ఉండాల్సిన చోట తెలుగు అంకె ౦. "అ౦దం" అన్న మాటలో మొదటిది అంకె, యూ+0సి66. రెండోది సున్న, యూ+0సి02. చాలా ఫాంట్లలో తేడా ఉన్నట్టే తెలియదు. రెండు, ఐత్వం. అది యూ+0సి48 అనే ఒకే సంకేతంగానూ ఉండొచ్చు, యూ+0సి46, యూ+0సి56 రెండు ముక్కలుగానూ ఉండొచ్చు. "వైద్యం" రెండు రకాలుగా టైపయితే పదసూచికలో రెండు చోట్ల తేలుతుంది. ఎన్‌ఎఫ్‌సి అనే యూనికోడ్ ప్రామాణిక రూపానికి మారిస్తే ఒకటవుతుంది. మూడు, పొల్లు తర్వాత ఒకటికి రెండు పడిన జీరో విడ్త్ నాన్ జాయినర్లు (పక్క అక్షరంతో కలవకుండా ఆపే, కనిపించని సంకేతాలు).

దీనికి సేవ్ కూడా అక్కర్లేదు. ఇన్_ఐఓ విలువ బఫర్ అని, ఇన్_బఫ్‌లో బఫర్ సంఖ్య ఇస్తే విమ్ తెరమీది పాఠాన్నే పైపులో పంపుతుంది.

మొదటి రూపంలో ఇది వరుస సరిగ్గా చూపి కాలమ్ మాత్రం ఎక్కడో చూపించింది. పైథాన్ కోడ్ పాయింట్లు (యూనికోడ్ సంకేతాలు) లెక్కపెడుతుంది. ఎర్రర్‌ఫార్మాట్‌లో %సి బైట్ల లెక్క. యూటీఎఫ్-8లో తెలుగు కోడ్ పాయింటు ప్రతిదీ 3 బైట్లు. "తెలుగు" అన్న మాటకు కోడ్ పాయింట్లు 6, బైట్లు 18, విమ్ తెరమీద గళ్ళు 3. %వి వాడితే తెర గళ్ళ లెక్క కనుక అదీ కుదరదు. తప్పు కనబడిన చోటు దాకా ఉన్న పాఠాన్ని యూటీఎఫ్-8కు మార్చి దాని పొడవుకు 1 కలిపి ఇస్తే కర్సర్ సరిగ్గా ఆ అక్షరం మీద వాలుతుంది.

ఛానెల్ మోడ్ ఎన్‌ఎల్‌గానే (లైను చొప్పున) ఉంచాలి. రా మోడ్‌లో పైపు నుంచి ఎంత వస్తే అంత కాల్‌బ్యాక్‌కు చేరుతుంది. మూడు బైట్ల అక్షరం మధ్యకు తెగి రెండు ముక్కల్లో రావొచ్చు. పైథాన్ అవుట్‌పుట్ టెర్మినల్‌కు వెళ్తే లైను లైనుగా వస్తుంది, పైపుకు వెళ్తే పోగుచేసి ఒక్కసారి పంపుతుంది. పురోగతి చూపించాలంటే -యు ఐచ్ఛికం కావాలి. ఇలా పోగుచేయడాన్ని మార్చే స్టడ్‌బఫ్ ఆదేశం ఇక్కడ పనికిరాదు, అది సీ లైబ్రరీ బఫర్లనే సర్దగలదు, పైథాన్ 3 సొంత బఫర్లు వాడుతుంది. విండోస్‌లో పైపుకు రాసేటప్పుడు పైథాన్ తెలుగు అక్షరం దగ్గర ఎన్‌కోడింగ్ తప్పుతో ఆగిపోవచ్చు, ఎన్వ్‌లో పైథాన్‌యూటీఎఫ్8 విలువ 1 ఇవ్వాలి.

ఫాంటులో లేని అక్షరాలు మాత్రం జీలేటెక్ చూసుకోవాల్సిన పని. పాత పద్యాల్లో ౘ, ౙ వస్తాయి. 2014లో యూనికోడ్‌లోకి వచ్చిన ఴ, 2021లో వచ్చిన నకార పొల్లు ౝ చాలా ఫాంట్లలో ఉండకపోవచ్చు. అప్పుడు ఆ అక్షరం ఉండాల్సిన చోటు ఖాళీ. ఆ సంగతి లాగ్ ఫైలులో ఎక్కడో ఒక లైను. \ట్రేసింగ్‌లాస్ట్‌క్యార్స్ విలువ 2 చేస్తే తెరమీదకూ వస్తుంది. టెక్ లైవ్ 2021 నుంచి 3 చేస్తే అసలైన తప్పుగానే లెక్క, ఫైలు పేరు, వరుస సంఖ్యతో క్విక్‌ఫిక్స్‌లోకి చేరుతుంది, ఎగ్జిట్ విలువ 1 అవుతుంది, ఆ పీడీఎఫ్ వ్యూయర్‌కు వెళ్ళదు. పద్యంలో ఒక అక్షరం మాయమైనా ప్రాసో యతో పోతుంది. ఈ మూడు అన్న విలువ తెలుగు కూర్పులో ఎప్పుడూ ఉండాలని గట్టిగా చెబుతాను.

నియోవిమ్‌కు మార్చేవారికి

పై ఏర్పాటు నియోవిమ్‌లో యథాతథంగా నడవదు. అక్కడ జాబ్‌స్టార్ట్, ఆన్_ఎస్‌టీడీఔట్, ఆన్_ఎగ్జిట్. ఆన్_ఎస్‌టీడీఔట్ ఇచ్చే లిస్టులో మొదటి, చివరి అంశాలు పూర్తి లైన్లు కాకపోవచ్చు. కిందటిసారి చివరి ముక్కకు ఈసారి మొదటి ముక్క అతికించాలి, లేకపోతే తప్పు సందేశమూ తెగుతుంది, తెలుగు అక్షరమూ తెగుతుంది. తప్పుల జాబితా ఎలాగూ చివర్లో ఒకేసారి కడుతున్నాం కాబట్టి ఎస్‌టీడీఔట్_బఫర్డ్ పెట్టి మొత్తం ఒక్కసారే తీసుకోవడం సులువు. 2024లో వచ్చిన 0.10 నుంచి లువా భాష వైపు విమ్.సిస్టమ్ ఉంది. కాల్‌బ్యాక్‌లో నేరుగా క్విక్‌ఫిక్స్‌ను ముట్టుకుంటే అది ఒప్పుకోదు, విమ్.షెడ్యూల్‌లో చుట్టి ఇవ్వాలి.